23 మందితో తేలే విషయం కాదు

మలేరియా మందు క్యాన్సర్‌నూ తగ్గిస్తుందన్న ప్రచారంతో ఎండు ఆకు పొట్లాలు, క్యాప్సూల్ డబ్బాలు ఆన్‌లైన్ అంగళ్లకు ఎక్కాయి. ఇందులో నిజమెంతో విడమరచి చెప్పాల్సిన అవసరం ఉంది.

మందు పేరు ఆర్టిమిసినిన్. అది దొరికేది చైనా మొక్క ఆర్టిమీసియా ఆన్యువాలో. వినాయక చవితి పత్రిలో మొదట సమర్పించే మాచీపత్రం దీనికి దగ్గరి బంధువే గానీ ఈ మందుకు ఆధారం కాదు. 1971లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం ఆకు మరిగించడం మాని, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశాకే మలేరియాపై నమ్మదగ్గ ఫలితం వచ్చింది. ఆర్టిమిసినిన్ నీటిలో సరిగా కరగదు. ఆకు టీ తాగేవారు ముందుగా గమనించాల్సింది ఇదే.

ఈ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువుల వంతెన ఒకటుంది. ఇనుము తగిలితే అది తెగి, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు ఇనుమును ఎక్కువగా లాక్కుంటాయి. ఆశకు మూలం అదే.

లండన్ సెయింట్ జార్జెస్ ఆస్పత్రి వైద్యులు పెద్దపేగు క్యాన్సర్ రోగులు 23 మందితో చిన్న ట్రయల్ చేశారు. ఆపరేషన్‌కు ముందు 14 రోజులు కొందరికి ఆర్టిమిసినిన్ నుంచి తయారుచేసే ఆర్టిసునేట్ మందు రోజూ 200 మిల్లీగ్రాములు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. చివరికి లెక్కలోకి వచ్చింది 20 మందే. సుమారు మూడున్నరేళ్లలో మందు వాడిన 9 మందిలో ఒకరికి, వాడని 11 మందిలో ఆరుగురికి జబ్బు తిరగబెట్టింది. మందు తీసుకున్న కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఇంత చిన్న గుంపులో జబ్బు తిరగబెట్టడంలోని ఈ తేడా కాకతాళీయమూ కావచ్చు.

సొంత వైద్యంతో చిక్కులు చాలా. ఆర్టిమిసినిన్ రోజూ మింగితే కాలేయం దాన్ని విరగ్గొట్టే ఎంజైములను పెంచుకుంటుంది, వారం తిరిగేసరికి రక్తంలో మోతాదు పడిపోతుంది. ఆ ఎంజైములే ఇతర మందులనూ తారుమారు చేయవచ్చు. మూలికల క్యాప్సూళ్లతో కాలేయం వాచిన ఉదంతం అమెరికాలో నమోదైంది.

పేటెంట్ లేని మందుపై కంపెనీలు డబ్బు పెట్టవు. ప్రజాధనమే పెట్టాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు చవకైన స్థానిక మత్తుమందు లిగ్నోకైన్ ఇంజెక్షన్‌ను ముంబయి టాటా మెమోరియల్ నేతృత్వంలో 11 ఆస్పత్రులు 1600 మందిపై పరీక్షించాయి. అయిదేళ్లకు బతికున్నవారు ఇంజెక్షన్ తీసుకోనివారిలో 86.4 శాతం, తీసుకున్నవారిలో 90.1 శాతం. అదే పద్ధతిలో దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆర్టిసునేట్ పరీక్షను చేపట్టాలన్నది మా అభిప్రాయం. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ బాబా ఆస్పత్రులు అందులో భాగం కావాలి. ఆపరేషన్ ఒక్కరోజు కూడా వాయిదా పడకూడదు. వారం వారం రక్తకణాలు, కాలేయ పరీక్షలు చేయాలి. రోగులను అయిదేళ్లు గమనించాలి.

ఈలోగా క్యాప్సూళ్లు వాడుతున్నవారు దాచకుండా, కీమోకు ముందే డాక్టరుకు డబ్బా చూపించాలి.