చవగ్గా అయిపోద్ది మామా!

మా ఇంట్లో పాలపుస్తకం వెనక నాలుగు పేజీలు నా సైకిలుకి రాసిచ్చేశారు. రాసేది మా ఆవిడ. మొదటి పద్దు: మోటారు కిట్టు, 5,400. చివరి పద్దు దగ్గరికి తర్వాత వస్తాను.

మాది కోవూరు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఇంటికీ కొట్టుకీ నడుమ పెన్నా బ్రిడ్జి. పొద్దున పోయేటప్పుడు పర్లేదు గానీ, సాయంత్రం ఎదురుగాలి మొదలైందంటే సైకిలు ముందుకు పోతోందో వెనక్కి పోతోందో పక్కన పిట్టగోడ చూసి తెలుసుకోవాలి. ఇరవై రెండేళ్లు అట్లాగే తొక్కాను. ఈ మధ్య మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు టకటకమంటున్నాయి. అది విన్నది మా మేనల్లుడు. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. ఇంకా పాసవలేదు.

"సైకిలుకి మోటారు పెడదాం మామా. చవగ్గా అయిపోద్ది."

పూర్వం మా వీధిలో ఒక అయ్యవారికి లూనా ఉండేది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. రెంటికీ మోటారుతో పాటు తొక్కడానికి పెడళ్లు కూడా ఉండేవి. నెలాఖరులో పెట్రోలుకి డబ్బుల్లేనప్పుడు అయ్యవారు లూనా తొక్కుకుంటూ బడికి పోయేవాడు. నాకు ముందు ఆయనే గుర్తొచ్చాడు. అప్పుడే ఆగి ఉండాల్సింది.

"లైసెన్సో?" అన్నాను.

"అక్కర్లా మామా. మోటారు 250 వాట్లు దాటకూడదు, స్పీడు 25 దాటకూడదు, బ్యాటరీ కాకుండా బండి 60 కిలోలు దాటకూడదు. అంతే. రిజిస్ట్రేషను కూడా లేదు."

"ఆ 60లో మీ మామ కూడా కలిసేనా?" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

కలవడని తేలాక కిట్టు తెప్పించాం. అట్టపెట్టెలో మోటారు, పళ్లచక్రం, ఇంకో చైను, వెండిరంగు పెట్టె ఒకటి. ఆ పెట్టెలోంచి చింపిరిజుట్టులా పాతిక వైర్లు. వాటితో పాటు మెలితిప్పితే రేజయ్యే పిడి, మోటారుని ఆన్ చెయ్యడానికీ ఆపడానికీ ఒక తాళంచెవి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు విడిగా కొన్నాం. తాళం హ్యాండిల్ దగ్గరుంటే దొంగలకు సుఖమని, సీటు కింద వెనకవైపు పెట్టించాను. ఆ తెలివి పూర్తిగా నాదే, అందులో అల్లుడికి వాటా లేదు.

మొదటిరోజు సంగతి చెప్పకపోతే పాపం. బ్రిడ్జి మీద, ఆ గాలిలో, కాళ్లు కదపకుండా పోయాను! పక్కన ఊగిపోతూ తొక్కుతున్న కుర్రాడికి చెయ్యి ఊపాను కూడా. కొట్లో అందరూ బయటికొచ్చి చూశారు. యజమాని చుట్టూ తిరిగి, "హారను లేదేం?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో పాలపుస్తకంలో రెండో పేజీ తిరిగింది. పాటపాడే హారను 180. దాని పక్కన లైటు లేకపోతే బోసిగా ఉంటుందని ఎల్‌ఈడీ లైటు 250. అద్దాలు జత 150. ఫోను పెట్టుకునే స్టాండు 130. ముందు బుట్ట 220. ప్రతిదానికీ మావాడు "ఇంతేగా మామా" అంటాడు. నిజమే, ఏది చూసినా ఇంతే. లెక్కలు రాసేవాణ్ణి, కూడికలో మోసపోయాను.

నాలుగో రోజు సాయంత్రం నడి బ్రిడ్జి మీద మోటారు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఏడు కిలోల అదనపు బరువుతో, మోటారు చైనును కూడా తిప్పుకుంటూ, ఎదురుగాలిలో తొక్కాను. అయ్యవారి లూనా ఇంతకంటే తేలికై ఉంటుంది. మొదటిరోజు నేను చెయ్యి ఊపిన కుర్రాడు నన్ను దాటుకుంటూ తిరిగి ఊపాడు. మర్యాద తెలిసిన పిల్లాడు.

సైకిలు షాపు సాయిబు చూసి నవ్వాడు. "రెండు బ్యాటరీలు ఏడేసి ఆంపియర్ అవర్లు, మొత్తం పద్నాలుగు అనుకున్నారా? ఒకదాని వెనక ఒకటి కడితే వోల్టులు కలుస్తాయి, ఆంపియర్ అవర్లు కలవవు. ఇరవై నాలుగు వోల్టులు ఇంటూ ఏడు, నూట అరవై ఎనిమిది వాట్ అవర్లు. దీని మోటారు గంటకు 250 తింటది. కాగితం మీద నలభై నిమిషాలు. ఈ రకం బ్యాటరీని గబగబా వాడితే అందులో సగమే ఇస్తది." అంతటితో ఊరుకోలేదు. మావాడు 12 వోల్టుల లైటునీ హారన్నీ రెండు బ్యాటరీల్లో ఒకదానికే కలిపాడట. "కాడికి రెండెడ్లను కట్టి, ఒకదానిచేత రాత్రిళ్లు గానుగ కూడా తిప్పించినట్టు. అది ముందే చతికిలబడదా?"

మావాడు సిగ్గుపడతాడనుకున్నాను. "అయితే ఇంకో జత కలుపుదాం మామా, చవగ్గా..." అన్నాడు.

ఇంకో జత, మళ్లీ 1,900. ఆ బరువుకి వెనక క్యారేజీ వంగింది. లావుపాటి క్యారేజీ, 350. దాని మీద బరువు పడి చక్రంలో పుల్లలు విరగసాగాయి. ఈ పాత సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. నలభైకి నలభై మార్పించి, బెండు తీయించి, 600. ఇంత బరువుకి పాత కడ్డీ బ్రేకులు చాలవని తీగ బ్రేకులు, 450. వాటి మెరిసే పిడులకు ఈ పాత నల్ల రబ్బర్లేం బాగుంటాయని ఎర్ర గ్రిప్పులు, 90. వెరసి 11,620. సైకిలు కొన్నది 1,400కి.

ఆ ఎర్ర గ్రిప్పులు, మెరిసే పిడులు గుర్తుపెట్టుకోండి.

కిట్టుతో వచ్చిన బ్రేకు పిడులకు సన్నటి వైర్లు ఉంటాయి. బ్రేకు నొక్కగానే మోటారుకి కరెంటు ఆగేది వాటివల్లే. కొత్త పిడులకు అవి లేవు. "ఈ వైర్లేంది రా?" అంటే, "ఉత్తవి మామా, కత్తిరించి టేపేశా" అన్నాడు. ఇక ఎర్ర గ్రిప్పు రవ్వంత పొడుగు. అది రేజు పిడిని ఒత్తుకుని కూర్చుంది. తిప్పితే తిరుగుతుంది, వదిలితే వెనక్కి రాదు. కొత్తది కదా, బిగుతుగా ఉందనుకున్నాను.

ఆదివారం. నెల్లూరులో కిలో బొమ్మిడాయిలు కొన్నాను. మామిడికాయ ముక్కలేసి పులుసు పెడతానంది మా ఆవిడ. సంచి ముందు బుట్టలో పెట్టుకుని బ్రిడ్జి ఎక్కి, ఎదురుగాలి కదా అని నిండా రేజిచ్చాను. బ్రిడ్జి దిగాక చూస్తే ముందు వరిగడ్డి ట్రాక్టరు. కోతల రోజులు. గడ్డి రోడ్డుకి అటూ ఇటూ వేలాడుతూ, ఇల్లు నడిచిపోతున్నట్టుంది. రేజు వదిలాను. తగ్గలేదు. బ్రేకులు నొక్కాను. మోటారు లాగుతోంది, బ్రేకు ఆపుతోంది. కాసేపు పెనుగులాడి రెండూ ఒక రాజీకి వచ్చాయి. ఆ రాజీ ప్రకారం సైకిలు సరిగ్గా ట్రాక్టరు వేగం కంటే ఒక పిసరు ఎక్కువగా పోతోంది. భయంలో మనిషి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాడు కదా. పట్టుకున్న కొద్దీ రేజు పెరిగింది.

తాళం సీటు కింద, వెనకవైపు.

మెత్తగా వెళ్లి గడ్డిలో దిగబడ్డాను. దెబ్బ తగల్లేదు, దిండులో మొహం పెట్టినట్టుంది. కానీ మోటారు ఆగదే! వెనకనుంచి నెడుతూనే ఉంది. బుట్ట, లైటు, అద్దాలు, మోచేతులదాకా నేను, అంతా గడ్డిలోనే. లోపల గడ్డి ఒత్తుకుని హారను మోగడం మొదలుపెట్టింది. అందులో పద్దెనిమిది పాటలున్నాయని అట్టపెట్టె మీద రాసి ఉంటే నేను నమ్మలేదు. ఉన్నాయి.

"ఆపు! ఆపు!" అని అరిచాను. నోట్లో గడ్డి. గడ్డి సందులోంచి డ్రైవరు చెయ్యి మాత్రం కనిపించింది, పక్కకు పొమ్మని ఊపుతోంది. హారను మోగిన కొద్దీ పాపం ఇంకా పక్కకు తీసి, ఇంకా గట్టిగా ఊపుతున్నాడు. టీ బంకు దగ్గర జనం లేచి నిలబడ్డారు. అందులో ఒకాయన దండం పెట్టాడు, ఎందుకో మరి.

అర కిలోమీటరు అట్లా పోయాక విసుగొచ్చి ట్రాక్టరు ఆపాడు. దిగి వెనక్కొచ్చాడు. సైకిలు ఇంకా నెడుతూనే ఉంది.

"ఇందాకట్నుంచి సైడిస్తావుంటే పోవేందన్నా?" అన్నాడు. తర్వాత చక్రం తిరగడం చూశాడు. మొహంలో కోపం పోయి ఒక రకం గౌరవం వచ్చింది. "నువ్వు నెడతా ఉన్నావా! బండి ఈ పొద్దు తేలిగ్గా పోతాందే అనుకుంటన్నా."

ఇద్దరం కలిసి సైకిలుని బయటికి లాగి, తాళంచెవి తిప్పి మోటారు ఆపాం. హారను పదమూడో పాట దగ్గర ఆగింది. బుట్టలో చూస్తే బొమ్మిడాయిలు లేవు. బ్రిడ్జిదాకా నడిచి వెతికాను. ఎక్కడ పడిపోయాయో! ఏ పిల్లి అదృష్టమో అనుకుని ఇంటికి వచ్చాను. ఆ రాత్రి చింతపండు చారు తిన్నాం. మా ఆవిడ ఏమీ అనలేదు, పాలపుస్తకం తీసి "చేపలు, 400" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

నాలుగో రోజు ట్రాక్టరు డ్రైవరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోబాక. ఆ పొద్దు మా గడ్డిలో ఏమన్నా పెట్టినావా? మూడు రోజులుగా వామి దగ్గరికి గేదెలు పోవడంలా. ఊళ్లో పిల్లులన్నీ ఆడనే ఉండాయి."

మా ఆవిడ లోపలికెళ్లి పాలపుస్తకం తెచ్చి, ప్రశ్నార్థకం కొట్టేసింది.