పిల్లల సిరప్‌కి వంటింటి చెంచా కొలత కాదు

"పిల్లల సిరప్ పోయడానికి కొలత మూతలు, సిరంజిలు ఎందుకు? టీస్పూన్ అంటే 5 ఎంఎల్, టేబుల్ స్పూన్ అంటే 10. ఇంట్లో చెంచాతో పోసేయండి. కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు." ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. పసిపిల్లలున్న ఇళ్లకి చేరుతోంది కాబట్టి ఊరుకోలేం.

టీస్పూన్ అంటే 5 ఎంఎల్. ఇంతవరకూ నిజమే. డాక్టర్ చీటీలో టీస్పూన్ అని రాస్తే 5 ఎంఎల్ మందు పట్టమని అర్థం. కానీ మన స్టాండులో ఉన్న చెంచాలు ఆ కొలతకి చేసినవి కావు. గ్రీస్‌లోని అట్టికా ప్రాంతంలో 25 ఇళ్ల చెంచాలు తెచ్చి కొలిచి, 2010లో ఫలితాలు ప్రచురించారు. టీస్పూన్లు 2.5 నుంచి 7.3 ఎంఎల్ దాకా పట్టాయి. అంటే దాదాపు మూడు రెట్ల తేడా. ఇక మన ఇళ్లలో అయితే టీ కలిపేదీ, ఉప్మా తినేదీ, పచ్చడి జాడీలో వేసేదీ, అన్నీ "స్పూనే".

టేబుల్ స్పూన్ 10 అన్నది శుద్ధ తప్పు. అది 15 ఎంఎల్. ఆస్ట్రేలియాలో అయితే 20.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "అటూ ఇటూ అయినా ఏం కాదు" అన్నది. జ్వరానికి వాడే పారాసెటమాల్ సిరప్ ఒకటి 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాముల మందుతో వస్తుంది. ఆ 2.5 ఎంఎల్ చెంచాతో పోస్తే బిడ్డకి అందేది 125 మిల్లీగ్రాములు. 7.3 ఎంఎల్ చెంచాతో అయితే 365. పది కిలోల బిడ్డకి మామూలుగా ఒక డోసు 100 నుంచి 150 లోపే ఇస్తారు. రోజుకి మూడు నాలుగుసార్లు అలా ఎక్కువ పడుతూ పోతే దెబ్బ లివర్‌కి. యాంటీబయాటిక్ తక్కువ పడితే జబ్బు తగ్గకపోవచ్చు. పైగా అదే పారాసెటమాల్ డ్రాప్స్‌గా కూడా దొరుకుతుంది, చాలా బ్రాండ్లలో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు. సిరప్ అనుకుని దాన్ని 5 ఎంఎల్ పోస్తే పెద్దవాళ్లు వేసుకునే మాత్రంత మందు పసిబిడ్డ కడుపులోకి వెళ్తుంది! ఇలాంటి పొరపాట్లు ఆపడానికే అమెరికాలో 2011లో పిల్లల ద్రవ పారాసెటమాల్‌ని 5 ఎంఎల్‌కి 160 మిల్లీగ్రాములు అనే ఒకే గాఢతకి మార్చారు.

మూతలు, సిరంజిలు ఉత్తి ఆర్భాటమా? అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2015లోనే తాగే మందుల డోసులో స్పూన్ అన్న మాట వద్దని, ఎంఎల్‌లోనే రాయాలని చెప్పింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో, డోసుని స్పూన్లలో చెప్పుకున్న తల్లిదండ్రులు కొలతలో తప్పు చేసే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది.

కూరలో కారానికి చెంచాడు, అరచెంచాడు అనుకోండి, ఏ నష్టమూ లేదు. మందుకి మాత్రం ఎన్ని ఎంఎల్ అని డాక్టర్నే అడిగి చీటీ మీద రాయించుకోండి. మూత పోతే మందుల షాపులో సూది లేని 5 ఎంఎల్ సిరంజి అడగండి. డ్రాప్స్‌కి దాంతో వచ్చిన డ్రాపర్‌నే వాడండి, ఇంకో సీసాది వద్దు.