ధైర్యం చెప్పడం ఆపితేనే ఓసీడీ లొంగుతుంది

“అమ్మా, గ్యాస్ కట్టేశావా?” “కట్టేశాను నాన్నా, పడుకో.” రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. “రెగ్యులేటర్ కూడానా? చూసి చెబుతున్నావా, ఊరికే అంటున్నావా?” తల్లి లేచి వంటింట్లో లైటు వేసి, చూసి వచ్చి, “ఒట్టు, నా చేత్తో నేనే కట్టాను” అంటుంది. పిల్లాడు కాసేపు ఊరుకుంటాడు. ఆ తర్వాత మళ్లీ మొదలు. కూకట్‌పల్లి కానీ దిల్‌సుఖ్‌నగర్ కానీ, ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు ఉన్న పిల్లలున్న ఇంట్లో రాత్రిపూట జరిగేది ఇదే. ఆ తల్లి ప్రేమకొద్దీ జవాబు చెబుతోంది. జబ్బు బతికేది మాత్రం ఆ జవాబు మీదే.

అబ్సెషన్ అంటే వద్దన్నా పదేపదే వచ్చిపడే ఆలోచన, కంపల్షన్ అంటే ఆ ఆలోచన పుట్టించిన భయాన్ని దించుకోవడానికి చేసే పని. ఇంతవరకూ చాలామందికి తెలుసు. చేతులు కడగడం, తాళం లాగి లాగి చూడటం కూడా తెలుసు. మన సినిమాల కామెడీ అంతా అక్కడే ఆగిపోయింది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని ఓసీడీ వేరే ఉంది. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న బాలింతకు కత్తి కంటబడగానే ‘నేనే పొడిచేస్తానేమో’ అనిపిస్తుంది. కత్తులన్నీ పై అరలోకి ఎక్కించేస్తుంది, బిడ్డతో ఒంటరిగా ఉండనంటుంది, ఎందుకో మాత్రం నోరు విప్పదు. దేవుడికి దండం పెడుతుంటే మనసులో బూతులు మెదిలే భక్తుడు, ఆ దండం చెల్లలేదేమోనని మళ్లీ మళ్లీ పెడుతూ గుడి మూసేదాకా అక్కడే ఉండిపోతాడు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే సైకాలజిస్టులు చేసిన అధ్యయనంలో ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఎక్కువమందికి ఇలాంటి పాడు ఆలోచనలు వస్తాయని తేలింది. మనకు వచ్చిపోతాయి. ఓసీడీ ఉన్నవారు వాటిని పట్టుకుని ‘అయితే నేను అలాంటిదాన్నా?’ అని తమను తామే బోనులో నిలబెట్టుకుంటారు. ఆ బాలింత వల్ల బిడ్డకు ప్రమాదం లేదు. ఆమె అంతలా హడలిపోవడమే అందుకు గుర్తు.

అంటే ఇది అనుమానపు జబ్బు. అనుమానానికి నూటికి నూరుపాళ్ల భరోసా కావాలి, లోకంలో అది ఎక్కడా దొరకదు. దొరకని దానికోసం రోగి ఇంట్లోవాళ్లను అడుగుతూనే ఉంటాడు. వాళ్లు ‘ఏం కాదులే’ అంటారు, అడిగినన్నిసార్లు ఒట్లు వేస్తారు, అతని బదులు తాళం వాళ్లే వేస్తారు, బయటి నుంచి రాగానే బట్టలు మార్చుకుని కాళ్లు కడుక్కుని గానీ సోఫాలో కూర్చోరు. ఇల్లు ఇల్లంతా రోగి భయం రాసిన చట్టం కింద బతుకుతుంది. గోకినకొద్దీ దురద పెరిగినట్టు, ఇచ్చిన ప్రతి భరోసా తర్వాతి ప్రశ్నను ఇంకాస్త ముందుకు లాక్కొస్తుంది. ఇంట్లోవాళ్లు ఎంత ఎక్కువ సర్దుకుపోతే జబ్బు అంత తీవ్రంగా కనిపిస్తోందని పరిశోధనలు పదేపదే చెప్పాయి. కసురుకోవడం, ‘నటనలు ఆపు’ అనడం పనిచేయవు సరికదా, సిగ్గును పెంచుతాయి. చెప్పాల్సిన మాట వేరు: “నీకు భయంగా ఉందని నాకు తెలుసు. కానీ ఈ ప్రశ్నకు జవాబిస్తే నీ జబ్బుకు సాయం చేసినట్టు. అందుకే ఇవ్వను, నీ పక్కనే కూర్చుంటాను.” కన్నతల్లి ఈ మాట అనాలంటే గుండె రాయి చేసుకోవాలి. థెరపిస్టు దగ్గర, పిల్లాడిని కూడా ఒప్పించి, కొద్దికొద్దిగా చేయాల్సిన పని ఇది.

మడి, ఆచారం ఉన్న ఇళ్లన్నిటికీ ఇప్పుడు రోగాల పేర్లు తగిలిస్తారా అని కొందరు కోప్పడతారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ తేడా పట్టుకోవడం అంత కష్టమేం కాదు. మడి కట్టుకున్న అమ్మమ్మ వంట ముగించి, నైవేద్యం పెట్టి, మడి విడిచి హాయిగా కబుర్లలో పడుతుంది. ఓసీడీలో ముగింపు ఉండదు, తృప్తి అసలే ఉండదు. ఈ ఆలోచనలు, పనులు రోజుకు గంటకు పైగా తినేస్తున్నా, చదువునో ఉద్యోగాన్నో కాపురాన్నో దెబ్బతీస్తున్నా అది జబ్బే.

దీనికి వైద్యం ఉంది, అదీ ఎప్పటినుంచో. 1966లోనే లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు, రోగులు భయపడే వస్తువునే ముట్టుకోనిచ్చి, ఆ తర్వాత కడుక్కోనివ్వకుండా ఆపి చూశాడు. భయం కొండలా లేచి, దానంతటదే దిగింది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ చికిత్సకు అదే పునాది. ఫ్లూవాక్సమిన్, సెర్ట్రలిన్ లాంటి మందులూ పనిచేస్తాయి, కాకపోతే డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ డోసు, ఎనిమిది నుంచి పన్నెండు వారాల ఓపిక కావాలి. రెండు వారాలు వాడి ‘గుణం లేదు’ అని మానేసి, తాయెత్తుల వైపు తిరిగేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవాళ్లలో 0.8 శాతం మందికి ఓసీడీ ఉందని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. అయినా ఆ లెక్కే హైదరాబాద్‌కు వేసుకుంటే రోగుల సంఖ్య వేలల్లోనే ఉంటుంది. వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కానీ ‘నిన్ను ఎర్రగడ్డలో చేర్చాలి’ అని తిట్టుకునే ఊరు మనది, ఆ గేటు దాటడానికే ఏళ్లు పడుతుంది. ప్రైవేటుకు వెళితే గంటకింత అని ఫీజు, వారం వారం వెళ్లాలి. వెళ్లినా, అత్తగారి ముందు కూడా అనలేని మాటను ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే ఆ బాలింత ఏం చెబుతుంది? తెలుగులో, ఉర్దూలో ఈ చికిత్స చేయగల క్లినికల్ సైకాలజిస్టులను బస్తీ దవాఖానాల దాకా తేవాలి. మందుల చీటీ రాసి పంపేస్తే సగం వైద్యమే అందినట్టు.

అంతకన్నా ముందు తేవాల్సిన చోటు ఇంటర్ కాలేజీ. ఓసీడీ ఎక్కువగా మొదలయ్యేది బాల్యం చివర్లో, టీనేజీలో, అంటే మనం పిల్లల్ని హాస్టళ్లలో పడేసే వయసులో. ఓఎంఆర్ షీటు ముందు కూర్చున్న పిల్లను చూడండి. బబుల్ నింపుతుంది, సరిగా నిండిందో లేదోనని మళ్లీ దిద్దుతుంది, హాల్ టికెట్ నంబరు ఒక్కో అంకె మీద వేలు పెట్టి మొదటినుంచి చదువుతుంది, చదివిన ప్రశ్నే మళ్లీ చదువుతుంది. అటు బెల్లు కొడతారు. వచ్చిన జవాబులు కూడా రాయలేదని మార్కులు చూశాక తిడతారు. ‘నిర్లక్ష్యం’ అని ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ హాస్టల్లో ర్యాంకుల ఫ్లెక్సీ కట్టడానికి డబ్బుంటుంది, ఈ పిల్ల గొడవ ఏమిటో గుర్తుపట్టే మనిషికి ఉండదు.

విశాఖలో 2023లో నీట్ కోచింగ్‌లో ఉన్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు ప్రకారం, వంద మందికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. వార్డెన్‌కే ‘కౌన్సెలర్’ బోర్డు తగిలించి చేతులు దులుపుకోనివ్వకూడదు. అఫిలియేషన్ ఇచ్చేటప్పుడే ఇంటర్ బోర్డు ఆ మనిషి పేరు, చదువు, వారంలో ఎన్ని గంటలుంటారో అడిగి, కాలేజీవారీగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. పెట్టేదాకా, అడ్మిషన్ కౌంటర్‌లో ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులే ఆ మూడు వివరాలూ కాగితం మీద అడిగి తీసుకోవాలి. ఇంట్లో ఇప్పటికే ఈ ప్రశ్నల రాత్రులు నడుస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు.