ఒక్కో వాసనకు ఒక్కో నరమా?

“ముక్కులో ఒక్కో వాసనకు ఒక్కో నరం ఉంటుంది. వాసన తగలగానే స్విచ్చి వేసినట్టు మెదడుకు కరెంటు వెళ్తుంది. వాసన ఎంత ఘాటైతే కరెంటు అంత ఎక్కువ. కాసేపటికి వాసన తెలియడం లేదంటే నరం అలసిపోయినట్టే.” ఎందరో ఒకరికొకరు పంపుకుంటున్న సందేశమిది. వినడానికి ముచ్చటగా ఉంది, నిలబడేది మాత్రం తక్కువ.

ఒక్కో వాసనకు ఒక్కో నరం లేదు. ఘ్రాణ గ్రాహకాల, అంటే ముక్కులో వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్ల, జన్యువులను 1991లో వెల్లడించిన శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాసన పట్టే ఒక్కో నాడీకణంలో (ఘ్రాణకణంలో) సాధారణంగా ఒకే రకం ఉంటుంది. బహుశా ఈ నిజమే చేతులు మారుతూ వంకర పోయింది. ఒక గ్రాహకం అనేక రసాయనాలకు స్పందిస్తుంది, ఒక రసాయనం అనేక గ్రాహకాలను కదిలిస్తుంది. ఏయే కణాలు కలిసి స్పందించాయన్నదే వాసనకు ఆనవాలు.

ఇక స్విచ్చి సంగతి. కణానికి నూగులాంటి రోమాలుంటాయి. వాసన అణువు వాటి మీది గ్రాహకానికి అంటుకుంటుంది, దాని పని అంతే. ఆపైన నడిచేది రసాయన వ్యవహారం. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సందేశ అణువు తయారై కణపొరలోని ద్వారాలను తెరుస్తుంది. ధనావేశమున్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. ఆ కాల్షియం మళ్లీ క్లోరైడ్ ద్వారాలను తెరుస్తుంది. నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. ఎదిగిన మెదడులోని చాలా నాడీకణాలను క్లోరైడ్ శాంతపరుస్తుంది. ఘ్రాణకణం మాత్రం దాన్ని ముందే లోపల పోగేసుకుంటుంది. ద్వారం తెరవగానే క్లోరైడ్‌తో పాటు దాని రుణావేశం బయటికి పోయి, కణం మరింత ఉద్రేకిస్తుంది. వోల్టేజీ ఇలా క్రమంగా మారి ఒక హద్దు దాటాకే మెదడు వైపు స్పందనలు, అంటే చిన్న విద్యుత్ సంకేతాలు, బయలుదేరతాయి. పైగా ఏ వాసనా లేనప్పుడు కూడా ఈ కణాలు అప్పుడప్పుడు స్పందనలు పంపుతూనే ఉంటాయి. కొన్ని అణువులైతే గ్రాహకానికి అంటుకుని దాన్ని పనిచేయనివ్వవు. ఇలాంటి స్విచ్చి ఎక్కడైనా ఉంటుందా?

ఘాటు పెరిగితే కొంతమేరకు స్పందనల జోరు పెరిగే మాట నిజమే. మరీ ఎక్కువైతే స్పందనలు కుంచించుకుపోయి, కణం త్వరగా మౌనం వహిస్తుంది. అప్పటిదాకా కదలని గ్రాహకాలు కూడా తోడవుతాయి కాబట్టి వాసన స్వభావమే మారవచ్చు. ఇండోల్ అనే రసాయనం కొద్దిగా ఉంటే పూల పరిమళం, ఎక్కువైతే మలం కంపు.

చివరిది అలసట. లోపలికి వచ్చిన కాల్షియమే కణం సున్నితత్వాన్ని తగ్గిస్తుంది. మెదడు కూడా తన వంతుగా ఆ వాసనను పట్టించుకోవడం మానేస్తుంది. కణం నిజంగా అలసిపోయి ఉంటే, అదే వాసన ఘాటు పెంచినప్పుడు స్పందించకూడదు. కానీ స్పందిస్తుంది.