బల్లికి స్నానమేంట్రా?

(భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మావయ్య, ఏసీ గదిలో గాజు తొట్టె పెట్టి లెపర్డ్ గెక్కో అనే బల్లిని పెంచుతున్న మేనల్లుడు. గెక్కో నిన్న కుబుసం విడిచింది, ముందు కాలి వేలికి కాస్త మిగిలిపోయింది. అది ఊడటానికి దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచుతానంటున్నాడు మేనల్లుడు.)

మావయ్య: గోడ మీద బల్లికి ఎవడు చేయిస్తున్నాడురా స్నానం? దానంతటదే ఊడుతుంది, వదిలెయ్.

అల్లుడు: ఇది అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ వైపు రాళ్ల నేలల్లో బతికే జీవి మావయ్యా. అక్కడ పైన అంతా ఎండే గానీ, పగలంతా పడుకునే బొరియలో తేమ ఉంటుంది.

మావయ్య: తేమకి మన దగ్గర కరువా? మొన్న ఉతికిన లుంగీ ఇంకా ఆరలేదు.

అల్లుడు: అది బయట. నా గదిలో ఏసీ, తొట్టె కింద హీట్ మ్యాట్, రెండూ కలిసి ఉన్న తేమంతా పీల్చేస్తాయి. అందుకే మూతున్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన కన్నం పెట్టి, లోపల తడిపి పిండిన టిష్యూ వేశా. కుబుసం విడిచే ముందు ఒళ్లు తెల్లగా పాలిపోగానే అదే వెళ్లి దూరుతుంది. అలాగని తొట్టె మొత్తం తడిపేస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

మావయ్య: అమావాస్యకి నా చెరువులో లక్షల రొయ్యలు గుల్ల విడుస్తాయి. ఒక్కదానికైనా నేను చొక్కా విప్పానా?

అల్లుడు: విప్పలేదు. కానీ మినరల్స్ చల్లి, మేత తగ్గించి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ రాత్రంతా గట్టు మీదే ఉంటారుగా, అత్తయ్యనడగనా?

మావయ్య: అదంతా నీళ్లకి చేసేది. రొయ్య మీద చెయ్యి వెయ్యను. పోయిన నెల పట్టకారుతో లాగింది ఎవడు?

అల్లుడు: అది నా తప్పే. ఎండిన ముక్క లాగితే కింద కొత్త చర్మం కూడా లేచి ఎర్రగా అయిపోయింది.

మావయ్య: మరి! ఈసారి వదిలెయ్. నెలకో రెండు నెలలకో మళ్లీ విడుస్తుందిగా, అప్పుడు ఇదీ దాంతోపాటే పోతుంది.

అల్లుడు: ఒళ్లంతా బాగానే పోతుంది, వేళ్ల దగ్గరే తంటా. మిగిలిన ముక్క ఎండి రబ్బరు బ్యాండులా బిగుసుకుంటుంది, దాని మీద ఇంకో పొర, రక్తం ఆడక వేలు నల్లబడి రాలిపోతుంది. తోక పోతే మళ్లీ వస్తుంది గానీ వేలు రాదు మావయ్యా. పైగా ఊడిన కుబుసాన్ని అదే తినేస్తుంది, తొట్టెలో ఏమీ కనబడక అంతా ఊడిందనుకుంటాం. గోరువెచ్చని నీళ్లలో, పొట్ట తడిసేంత లోతులో, పది పదిహేను నిమిషాలు ఉంచి, తడి ఇయర్ బడ్‌తో వేలి మీద నెమ్మదిగా దొర్లించాలి. రాకపోతే మళ్లీ రేపే.

మావయ్య: కంట్లో మిగిలితే?

అల్లుడు: కంటి జోలికి నేను పోను, డాక్టరు దగ్గరికే.

మావయ్య: మన పశువుల డాక్టరు దీన్ని చూస్తే గేదెకీ దీనికీ ఒకటే ఫీజు అడుగుతాడు. ఏదీ, ఆ కళ్లజోడు ఇటివ్వు... ఇదేంట్రా, దారం చుట్టినట్టుంది!

అల్లుడు: నేను చెప్పేది అదే కదా.

మావయ్య: ఆ నీళ్లు వేడెక్కువున్నాయి, ముందు చల్లార్చు. నేను మాత్రం పట్టుకోను.