బెరడుకు పట్టిన మహర్దశ

జిగురే కావలసివస్తే కడప ఏడురోడ్ల దగ్గర ఇసబ్గోలు, సబ్జా గింజలు దొరకని కాలం ఎన్నడూ లేదు. అయినా మన కడుపుమంటకు స్లిప్పరీ ఎల్మ్ అనే అమెరికా చెట్టు బెరడు పొడే తగినదని పెద్దలు నిర్ణయించినందున, ఆ పొడి డబ్బా మీద అచ్చువేసిన 'ప్రకృతిసిద్ధం, దుష్ప్రభావాలు శూన్యం' అనే మహావాక్యాన్ని సవినయంగా పరిశీలించవలసి ఉంది. ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతిసిద్ధమే.

స్లిప్పరీ ఎల్మ్ ఉత్తర అమెరికా తూర్పు అడవుల చెట్టు. దాని లోపలి బెరడు పొడి నీళ్లలో జిగురై, గొంతుకూ అన్నవాహికకూ పూతలా అంటి, మంటను కాసేపు అణచుతుంది. అక్కడి మూలవాసులు తరతరాలుగా వాడినది, నేటికీ గొంతు బిళ్లల్లో వేస్తున్నది అందుకే. ఆ చిన్న ఉద్యోగం అది నిజాయితీగానే చేస్తుంది; మిగతా పదవులన్నీ మనం కట్టబెట్టినవి.

మా బంధువులలో ఒక మామ రాత్రి రెండు కారం దోశలు, వాటిపైన సంగటీ చెనిక్కాయల ఊరిబిండీ ముగించి, పొడి కలిపే క్రతువుకు కూర్చుంటారు. ఉండలు కడితే కోడలు జల్లెడ తేవాలి, మనవడు వేడినీళ్లు పోయాలి, పక్కింటాయన సాక్షిగా నిలవాలి. చివరకు గ్లాసును తలకిందులు చేసి, "చూస్తివా అల్లుడా, ఒక్క బొట్టన్నా కారిందా?" అని సభను గెలుస్తారు. ఆ విజయోత్సాహంలోనే థైరాయిడ్ మాత్రనూ షుగరు మాత్రనూ అదే జిగురుతో మింగేస్తారు. జిగురు పూత మాత్రలు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేయవచ్చు కనుక, పొడికీ మాత్రలకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలన్న ముక్క మాత్రం డబ్బా మీద లేదు. జాతీయ పతాకమంత ఆకు బొమ్మకే చోటు చాలలేదు పాపం.

గర్భిణికి కూడా ఇదే పొడిని 'చలువ' అని తాగిస్తున్నారు. అదే చెట్టు బెరడు పుల్లలను ఒకప్పుడు అమెరికాలో గర్భస్రావానికి వాడి ఆడవాళ్లను ప్రమాదంలోకి నెట్టిన చరిత్ర ఉంది. కడుపుతో ఉన్నవారు దాని జోలికి పోవద్దని నేటికీ హెచ్చరించేది అందుకే. ఇక మలం తారులా నల్లగా పోతున్న మనిషికి, నెత్తురు కక్కుతున్న మనిషికి, "ఎండోస్కోపీ ఎందుకు, ఇంకొక్క వారం తాగి చూడు" అని చెప్పే ప్రబుద్ధులున్నారు చూడండి, వీళ్లతో నాకు వ్యంగ్యం చేతకాదు. పేగుల్లో పుండు నెత్తురు కారుతున్నప్పుడు వారం అంటే ఏమిటో తెలుసా మీకు? ఆ వారంలో మనిషి పోతే డబ్బా అమ్మినవాడు వస్తాడా, సలహా ఇచ్చిన మీరు వస్తారా, అర్ధరాత్రి ఆసుపత్రి గేటు దగ్గర ఆ ఇంటివాళ్ల పక్కన నిలబడడానికి?