సముద్రానికి వేలు చూపించే కార్యక్రమం

ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. తుపాను వెళ్లిన మర్నాడో ఆ మర్నాడో జిల్లా పేజీలో పైన నాలుగు కాలమ్‌ల వెడల్పున పడుతుంది. మధ్యలో నాయకుడుగారు. కుడిచెయ్యి భుజం ఎత్తుకి లేచి ఉంటుంది, చూపుడు వేలు తూర్పుకి తిరిగి ఉంటుంది. ఆ వేలు చివర ఏముందయ్యా అంటే, బంగాళాఖాతం. ఎడమపక్కన కలెక్టరుగారు వేలు చూపించిన వైపు శ్రద్ధగా చూస్తుంటారు, ఆ పక్కన ఎస్పీగారు కూడా అటే. ఇంజినీరుగారు ఒక్కరే సముద్రాన్ని చూడకుండా నాయకుడుగారి మొహం చూస్తుంటారు. బిల్లులు పాస్ కావలసింది ఎక్కడో ఆయనకు తెలుసు. వెనకాల ఓ ఇరవై కండువాలు. ఫోటో అంచున సగం భుజం తెగిపోయిన మత్స్యకారుడొకాయన, చేతులు కట్టుకుని. కింద 'ఉప్పాడ వద్ద తీరం కోతను పరిశీలిస్తున్న' అని ఉంటుంది, ఆపైన పేరు. పేరు మారుతుంటుంది, కండువా రంగు మారుతుంటుంది. వేలు మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా అదే వేలు.

ఆ వేలు దేనికన్నదే నాకు అంతుపట్టని సంగతి. కలెక్టరుగారికి సముద్రం ఎటుందో తెలియదనా? ఐఏఎస్ పాసై వచ్చిన మనిషికి అంత పెద్ద నీళ్లు కనబడవా? కాకినాడ పక్కన ఒడ్డునున్న ఉప్పాడలో సముద్రం ఎక్కడుందని ఎవరూ ఎవరికీ చూపించక్కర్లేదు. అదే ఇంట్లోకి వచ్చి పలకరిస్తుంది.

కార్యక్రమం ఎలా నడుస్తుందో తెలియని పైప్రాంతాల పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడనే కాదు, ఏ తుపానుకైనా తంతు ఇదే. ముందురోజు రాత్రే జేసీబీ వస్తుంది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మీదికి కెరటాలు విసిరేసిన బండరాళ్లని పక్కకి తోసి, కాన్వాయ్ పట్టేంత దారి చేస్తుంది. ఆటో పట్టేంత దారి చెయ్యండి బాబూ అని ఊరివాళ్లు అడుగుతున్నది కూడా ఆ చోటే. ఆటోకి జేసీబీ కదలదు. పొద్దున షామియానా వేస్తారు. గాలికి అది లేచిపోబోతుంది. నలుగురు వీఆర్ఏలని పిలిచి నాలుగు గుంజలకి నలుగుర్నీ అంటిస్తారు. తొమ్మిదికి వస్తారన్న నాయకుడుగారు పదకొండున్నరకి వస్తారు. అప్పటిదాకా వీఆర్ఏలు గుంజల్ని కావలించుకునే ఉంటారు.

షామియానా కింద ఫోటో ప్రదర్శన ఉంటుంది. ఔనండీ, సముద్రం ఒడ్డున సముద్రం ఫోటోలు. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో గోడ పడిపోయిన ఇల్లుంటే, దానికి వీపు పెట్టి, ఫ్లెక్సీ మీద అదే ఇంటి ఫోటోని అందరూ చూస్తారు. నాయకుడుగారు కళ్లజోడు సవరించుకుని "ఇదెక్కడ?" అంటారు. "ఇక్కడే సార్, మీ వెనకాల" అంటారు ఇంజినీరుగారు. అందరూ వెనక్కి తిరుగుతారు. వెనకాల ఇల్లు లేదు. పొద్దున పోటుకి మిగతా గోడలు కూడా పోయాయి. అందరూ మళ్లీ ఫ్లెక్సీ వైపు తిరిగి, "ఓహో, ఇలా ఉండేదన్న మాట" అని తల ఊపుతారు.

తరవాత మ్యాపు విప్పుతారు. సముద్రపు గాలిలో మ్యాపు విప్పిన వాళ్లకి తెలుస్తుంది ఆ కష్టం. ఇద్దరు చివర్లు పట్టుకుంటారు, మూడో ఆయన మధ్యలో చెయ్యి ఆనిస్తాడు, నాలుగో ఆయన కింద దూరి పైకి ఎగరకుండా తలతో అదుముతాడు. "ఒకప్పుడు తీరం ఇక్కడుండేది సార్" అని ఇంజినీరుగారు మ్యాపు మీద నీలిరంగులో చూపిస్తారు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాయకుడుగారి చెయ్యి లేస్తుంది. "అంటే అక్కడా?" వేలు తూర్పుకి. ఫోటోగ్రాఫర్లు ఎదురుచూస్తున్నది ఈ ఘడియ కోసమే. "సార్, చెయ్యి దించకండి సార్. కెరటం రానివ్వండి. వస్తోంది, వస్తోంది, సార్ ఇటు చూడకండి, అటు!" మొదటి కెరటం సగంలో విరిగిపోతుంది. రెండోదానికి ఎవరో కార్యకర్త అడ్డొస్తాడు. మూడో కెరటం బ్రహ్మాండంగా లేస్తుంది. లేచి, ప్రొటోకాల్ తెలియని ముండా కెరటం, తిన్నగా వచ్చి నాయకుడుగారి షూ తడుపుతుంది. గన్‌మన్ ఒక్క దూకు దూకి సముద్రానికి అడ్డంగా నిలబడతాడు. చేతులు చాచి మరీ.

షూ తడిసిన వెంటనే నాయకుడుగారి నోట 'శాశ్వత పరిష్కారం' అన్న మాట వస్తుంది. చప్పట్లు. ఉప్పాడ జాందానీ కండువా కప్పుతారు, 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత కదా, నలుగురూ మెచ్చుకుంటారు. కాన్వాయ్ వెళ్లిపోతుంది. వీఆర్ఏలు గుంజలు వదిలేస్తారు.

శాశ్వత పరిష్కారం వచ్చేలోగా తాత్కాలిక పరిష్కారం ఉండాలి కాబట్టి టిప్పర్లు వస్తాయి. రాళ్లు దింపుతాయి. పై ఏడాది మళ్లీ టిప్పర్లు, మళ్లీ రాళ్లు. ఇన్నేళ్లుగా దింపిన రాళ్లన్నీ పేరిస్తే ఈపాటికి ఉప్పాడ ఎదురుగా సముద్రంలో మరో అన్నవరం కొండ లేవాలి, మెట్లు కట్టుకుని వ్రతాలు చేసుకోవచ్చు. లేవలేదు. ఎందుకు లేవలేదో ఏ వలకట్టేవాణ్ని అడిగినా చెబుతాడు. అల వచ్చి రాతికి కొట్టి వెనక్కి పోయేటప్పుడు రాయి కింది ఇసుకను తోడుకుపోతుంది. కింద ఇసుక పోతే రాయి కుంగుతుంది. కుంగిన రాయి మీద ఇంకో రాయి వేస్తారు, అదీ కుంగుతుంది. మధ్యలో ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులు పరిచి జియో ట్యూబ్ అన్నారు. కొన్నాళ్లు బాగానే ఆపింది. తరవాత అదీ చిరిగింది. చిరిగితే మరమ్మతు చేయించాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మరమ్మతుకి శంకుస్థాపన ఉండదు. రాళ్ల పద్ధతిలో ఓ సుఖం ఉంది. ఎన్ని లోడ్లు వేశారో లెక్క చూడాలంటే తనిఖీ అధికారి సముద్రంలో మునగాలి.

ఆ వేలుని ఎవరైనా పట్టుకుని కాస్త దక్షిణానికి తిప్పితే ఏమైనా ప్రయోజనం ఉండేది. మన తీరాన అలలు ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. ఉప్పాడకి రావలసిన ఇసుక అటు గోదావరి వైపునుంచి రావాలి. గోదావరి తెచ్చే మట్టి పై ఆనకట్టల దగ్గర చాలావరకు ఆగిపోతోంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి మనం కట్టిన వాటన్నిటికీ అందులో వాటా ఉంది. వచ్చిన కాస్తంత ఇసుకా కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ దగ్గర పేరుకుంటోంది. ఆ దీవి కాకినాడ రేవుని అలల నుంచి కాపాడుతుంది, మంచిదే. కానీ దాని కొమ్ము దాటిన అలలు ఆ కసి ఎక్కడ తీర్చుకోవాలి? ఆ తరవాత వచ్చే ఊరు ఉప్పాడే. రేవు కోసం కాలువ తవ్వితే, గట్టు కడితే, ఇసుక నడక మారుతుంది, పక్క ఊరి ఒడ్డు కరుగుతుంది. ఇదేమీ రహస్యం కాదు. విశాఖలో 1933లో పోర్టు తెరిచేనాటికే ఈ సంగతి తెలుసు. డాల్ఫిన్ నోస్ దగ్గర అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్నే ముంచి గట్టుగా వాడారు. ఇప్పటికీ అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. అంటే విశాఖకి ఇసుక, ఉప్పాడకి రాళ్లు. బీచ్‌లో సాయంత్రం కూర్చునే జనానికి మెత్తగా ఉండాలి కదా.

ఇంతలో ఒక శుభవార్త. ఆంధ్రప్రదేశ్ తీరం పెరిగింది! చిన్నప్పటినుంచి 974 కిలోమీటర్లని బట్టీ పట్టామే, కేంద్రం కొత్త లెక్కల్లో అది 1,053 కిలోమీటర్లయింది. కొలిచే పద్ధతి మార్చి, వంకలన్నీ ఇంకాస్త సన్నగా కొలిచారు, అందుకని పెరిగింది. ఉప్పాడ పక్కనున్న సుబ్బంపేటలో, మాయాపట్నంలో ఇల్లు పోయినవాళ్లు కంగారు పడక్కర్లేదు. రాష్ట్రం మొత్తం మీద మనం లాభంలోనే ఉన్నాం.

బీచ్ రోడ్డు తెగినప్పుడల్లా కాకినాడ వెళ్లేవాళ్లు పిఠాపురం మీదుగా చుట్టు తిరగాలి. కాలేజీకి పోయే పిల్లలు, కాకినాడ పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లు, చేపల బుట్టలతో ఆడవాళ్లు, అందరూ అంతే. రోడ్డు మూసేశారని వాళ్లని ఆపే పోలీసులు, కెరటాల ముందు రీలు తీసుకోవడానికి కార్లేసుకొచ్చే కుర్రాళ్లని మాత్రం ఎందుకో ఆపలేరు.

ఆ ఒడ్డున ఒక ఆడమనిషిని ఇల్లెక్కడమ్మా అంటే, "మాది మూడో వరసండి బాబూ. ముందు రెండు వరసలూ పోయాయి. ఇప్పుడు మాదే మొదటి వరస" అంటుంది. విశాఖలో సముద్రం కనబడే ఫ్లాటుకి అదనంగా లక్షలు కడతారు. ఈవిడకి ప్రభుత్వం పైసా తీసుకోకుండా ఆ సౌకర్యం కల్పించింది. పక్క వీధిలో నేతగాడి గుంట మగ్గంలోకి నీళ్లూరుతున్నాయి, కాళ్లు పెట్టే గుంటలో తేమ చేరితే ఆ మగ్గం నడవదు. మనం నాయకుడికి కప్పిన కండువా అలాంటి గుంటలోంచి వచ్చిందే.

ఇల్లు పోయినప్పుడు వచ్చే సాయం మాటకొస్తే, దానికో జాబితా ఉంది. విపత్తు నిధి కింద సాయం ఇవ్వడానికి కేంద్రం గుర్తించిన విపత్తులు ఉన్నాయి. తుపాను ఉంది, వరద ఉంది, భూకంపం ఉంది, వడగళ్లు ఉన్నాయి, మంచుచరియలు ఉన్నాయి, చివరికి పంటకి పట్టే పురుగు కూడా ఉంది. తీరం కోత లేదు. కాబట్టి ఉప్పాడవాడి ఇల్లు కూలితే తుపాను రోజు చూసుకుని కూలాలి. మామూలు అమావాస్య పోటుకి కూలిందో, దానికి విపత్తు హోదా ఉండదు. తుపాను రోజే కూలినా, దెబ్బతిన్న ఇంటి ఫోటో కావాలంటారు. ఇల్లూ లేదు, ఇల్లున్న నేలా లేదు, ఫోటో ఎక్కడ తియ్యాలి? బోటెక్కి వెళ్లి నీళ్లని తియ్యాలా? స్థలముంటే ఇల్లు మంజూరు చేస్తామంటారు. స్థలం ఉందిగా, అదిగో, సరిగ్గా మీరు వేలు చూపించిన చోటే ఉంది! వెళ్లి పునాది వెయ్యండి!

తాతల నాటినుంచి వేట మీద బతికినవాళ్లని ప్రతి తుపానుకీ బడిలోకి తోలడం, పులిహోర పొట్లం చేతిలో పెట్టడం, బియ్యం సంచి ఇస్తూ ఫోటో తీయడం, వాన వెలిస్తే ఇంటికి పొమ్మనడం. ఏ ఇంటికి? ఒక్క తరంలో రెండుసార్లు, మూడుసార్లు వెనక్కి జరిగి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇంకా ఎంత వెనక్కి జరగాలి? పిఠాపురం దాకానా? అంత దూరంలో ఇల్లిస్తే బోటు ఎక్కడ కట్టుకోవాలి, తెల్లవారుజామున రెండింటికి వేటకి ఎలా రావాలి, వల ఎవరు కాపలా కాయాలి? వేట నిషేధం 61 రోజులకీ ఎంత భృతి ఇవ్వాలో లెక్కకట్టిన ప్రభుత్వాలకి, ఊరు ఊరంతా సముద్రంలోకి పోతుంటే ఏడాదికి ఎన్ని ఇళ్లు పోయాయో పేర్లతో ఓ జాబితా రాయడం ఎందుకు చేతకాదు? సిగ్గుండాలి.

డబ్బుల్లేవనకండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశం మొత్తం మీద కోతని ఆపే పనులకి రూ.1,500 కోట్లు, కోత వల్ల నిలవనీడ పోయినవాళ్లకి వేరేచోట ఇళ్లు కట్టించడానికి రూ.1,000 కోట్లు సిఫారసు చేసింది. రాష్ట్రాలు అడిగి తెచ్చుకోవాలి. 2026 మార్చితో ముగిసే ఆ అయిదేళ్ల లెక్కలో ఉప్పాడ పేరున ఎంత అడిగారు, ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లు లేచాయి? ఈసారి షామియానాలో ఫ్లెక్సీ మీద ఆ అంకెలు వెయ్యండి. ఇళ్ల ఫోటోలు అక్కర్లేదు, ఎవరి ఇల్లు ఎలా ఉండేదో వాళ్లకి గుర్తుంది.